మెకానికల్ ఎలక్టివ్‌లు: తిరుపతి, చిత్తూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

బీటెక్ థర్డ్ ఇయర్ మొదలవగానే ఎలక్టివ్‌ల, అంటే మనమే ఎంచుకునే సబ్జెక్టుల లిస్టు గ్రూపులో పడుతుంది. వారం తిరక్కుండానే ఫారం నింపమంటారు. ఆ వారమంతా మెకానికల్ పిల్లలు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు ఇవే. జవాబులు కూడా పెద్దగా మారవు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ప్రొఫెషనల్ ఎలక్టివ్, ఓపెన్ ఎలక్టివ్ రెండూ ఒకటేనా సార్?

కాదు. ప్రొఫెషనల్ ఎలక్టివ్ మన డిపార్ట్‌మెంట్ మన పిల్లల కోసం పెట్టేది: రిఫ్రిజిరేషన్, ఫైనైట్ ఎలిమెంట్, ఆటోమొబైల్ లాంటివి. ఓపెన్ ఎలక్టివ్ మామూలుగా వేరే బ్రాంచి వాళ్లు చెప్పేది. ఎన్ని తీసుకోవాలి, ఏ సెమిస్టర్‌లో అన్నది మీ రెగ్యులేషన్ పుస్తకం చెబుతుంది. జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న కాలేజీలది యూనివర్సిటీ సిలబస్, అటానమస్ కాలేజీలది సొంత సిలబస్. ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీది, ఏర్పేడులో ఉన్న ఐఐటీది ఎవరిది వారిదే. అందుకే పక్క కాలేజీలో చదివే ఫ్రెండు "అది చాలా ఈజీరా" అంటే వెంటనే నమ్మకండి. పేరు ఒకటే ఉన్నా యూనిట్లు వేరుగా ఉంటాయి.

లిస్టులో అన్ని పేర్లు చూస్తే టెన్షన్ వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు లిస్టు పక్కన పెట్టి సెకండ్ ఇయర్ మార్కుల మెమోలు తీయండి. మార్కులు ఎన్ని వచ్చాయన్నది అంత ముఖ్యం కాదు. థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, ప్రొడక్షన్ టెక్నాలజీ, ఈ నాలుగింటిలో ఏది మీకు నిజంగా అర్థమైందో గుర్తు చేసుకోండి. పాత ప్రశ్నపత్రంలో తెలియని లెక్క ఇస్తే, ఫార్ములా గుర్తు లేకపోయినా కాసేపు కుస్తీ పట్టాలనిపించే సబ్జెక్టు ఏది? మీ దారి అక్కడే మొదలవుతుంది.

ఆ తర్వాత ఎలక్టివ్‌లను విడివిడిగా కాకుండా ఒక వరుసగా చూడండి. ఈ పేజీలో ఇంకేం గుర్తు లేకపోయినా ఇది గుర్తుంచుకోండి. థర్డ్ ఇయర్‌లో మెకానికల్ వైబ్రేషన్స్, తర్వాత సెమిస్టర్‌లో ఫైనైట్ ఎలిమెంట్, ఫైనల్ ఇయర్‌లో ఒక షాఫ్ట్ మీదో బ్రాకెట్ మీదో ప్రాజెక్టు చేస్తే, ఇంటర్వ్యూలో పావుగంట ఆగకుండా మాట్లాడేంత సరుకు మీ దగ్గర ఉంటుంది. అదే ఒక సెమిస్టర్‌లో ఆటోమొబైల్, ఇంకో సెమిస్టర్‌లో నానో టెక్నాలజీ, చివర్లో ఎంట్రప్రెన్యూర్‌షిప్, ప్రాజెక్టేమో ఎవరి దగ్గరో కొన్నదైతే, మార్కులు బాగానే ఉండొచ్చు కానీ "మీకు దేంట్లో పట్టుంది?" అన్న మొదటి ప్రశ్నకే నోరు పెగలదు.

మూడో పని సిలబస్ కాపీ తీసి ఐదు యూనిట్లూ చదవడం. యూనిట్ పేర్లు చూసి వదిలేయకండి, కింద ఉన్న టాపిక్కులు కూడా చదవండి. చాలామంది ఈ పని చేయరు. అందుకే సెమిస్టర్ మధ్యలో "ఇందులో ఇంత మ్యాథ్స్ ఉందని తెలియదు సార్" అని వస్తారు.

సీనియర్లు "స్కోరింగ్ సబ్జెక్టు తీసుకోరా" అంటున్నారు. తప్పా?

పూర్తిగా తప్పు కాదు. చాలా కంపెనీలు క్యాంపస్‌కు వచ్చినప్పుడు సీజీపీఏకి ఒక కటాఫ్ పెడతాయి, బ్యాక్‌లాగ్ ఉంటే లోపలికే రానివ్వవు. మీ సీజీపీఏ ఆ గీత దగ్గర ఊగుతుంటే ఒక థియరీ సబ్జెక్టు తీసుకుని ఊపిరి పీల్చుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఒకటి తీసుకోండి, అన్నీ అలాంటివే వద్దు.

ఇంకో సంగతి. స్కోరింగ్ అంటే థియరీ అని మనవాళ్లకు ఒక నమ్మకం. పేజీలకు పేజీలు రాసినా థియరీ పేపర్‌కు ఒక హద్దు దాటి మార్కులు పడవు. రిఫ్రిజిరేషన్‌లో సాధారణ వేపర్ కంప్రెషన్ లెక్క స్టెప్పులతో సహా సరిగ్గా చేస్తే మార్కు కోయడానికి దిద్దేవాళ్లకు కారణం దొరకదు. లెక్కలు వచ్చేవాళ్లకు ప్రాబ్లం పేపరే అసలైన స్కోరింగ్.

సబ్జెక్టు చూసి ఎంచుకోవాలా, చెప్పే సార్‌ను చూసి ఎంచుకోవాలా?

మీకు రెండు సబ్జెక్టులూ సమానంగా ఇష్టమైతే నిస్సందేహంగా చెప్పేవాళ్లను చూసి. మంచి టీచర్ చెప్పే ట్రైబాలజీ (రాపిడి, అరుగుదల గురించిన సబ్జెక్టు), నోట్స్ డిక్టేట్ చేసే రోబోటిక్స్ కన్నా వంద రెట్లు మేలు. అయితే ఫారం నింపేనాటికి ఎవరు చెబుతారో చాలాసార్లు ఖరారు కాదు. హెచ్‌ఓడీని అడగడానికి మొహమాటపడకండి.

ఫైనైట్ ఎలిమెంట్ తీసుకోవాలా, సీఎఫ్‌డీ తీసుకోవాలా? రెండూ సాఫ్ట్‌వేరే కదా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రెండూ సాఫ్ట్‌వేర్ కోర్సులు కావు. యాన్సిస్ లాంటి సాఫ్ట్‌వేర్ తెరిచి రంగురంగుల బొమ్మ తెప్పించడం నేర్పే క్లాసు అనుకుని చేరితే మొదటి వారంలోనే నీరుగారిపోతారు. ఫైనైట్ ఎలిమెంట్ క్లాసులో మీరు చేసేది ఒక బార్‌ను రెండు మూడు ఎలిమెంట్లుగా విడగొట్టి, ప్రతిదానికీ స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ రాసి, వాటిని కలిపి, బౌండరీ కండిషన్లు పెట్టి డిస్‌ప్లేస్‌మెంట్లు కనుక్కోవడం. తర్వాత ట్రస్, బీమ్, రెండు డైమెన్షన్ల త్రిభుజం ఎలిమెంట్. మ్యాట్రిసెస్ అంటే భయం లేకపోతే, స్ట్రెస్, స్ట్రెయిన్ తేడా గట్టిగా తెలిస్తే ఇది అందరూ భయపెట్టినంత కష్టం కాదు. లెక్కలు పొడుగు, అంతే.

సీఎఫ్‌డీకి, అంటే గాలి, ద్రవాల ప్రవాహాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టే కంప్యూటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్‌కు ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, న్యూమరికల్ మెథడ్స్ మూడూ ఒకేసారి పనికొస్తాయి. పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లను గ్రిడ్ మీద మామూలు ఆల్జీబ్రాగా మార్చడం, టైమ్ స్టెప్ పెద్దదైతే సొల్యూషన్ ఎందుకు పేలిపోతుందో అర్థం చేసుకోవడం ఇందులో కీలకం. కాస్త పైథాన్‌లో గానీ మ్యాట్‌ల్యాబ్‌లో గానీ కోడ్ రాయగలిగినవాళ్లకు ఇది పండగే. రాయలేనివాళ్లు ముందు హీట్ ట్రాన్స్‌ఫర్ క్లాసులో వచ్చే ప్లేట్ కండక్షన్ లెక్కను ఎక్సెల్‌లో చేసి చూడండి. అది నచ్చితే చేరండి.

నా సలహా అడిగితే, డిజైన్ వైపు ఉద్యోగం కావాలనుకునే సగటు విద్యార్థికి ఫైనైట్ ఎలిమెంట్ ముందు. చేత్తో రెండు ఎలిమెంట్ల లెక్క చేసినవాడికే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబు తప్పని ఎప్పుడు అనుమానించాలో తెలుస్తుంది. కంపెనీకి కావాల్సింది ఆ అనుమానమే.

శ్రీసిటీలో ఉద్యోగం కావాలంటే ఏవి తీసుకోవాలి?

ఈ ప్రశ్న ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ అడుగుతున్నారు. న్యాయమే, ఇంటికి దగ్గర. కానీ అది పెద్ద పారిశ్రామిక వాడ, "శ్రీసిటీ" అని గంపగుత్తగా అనకండి. అక్కడ, ఆ చుట్టుపక్కల ఏం తయారవుతుందో విడివిడిగా చూడాలి.

డైకిన్, బ్లూస్టార్ ఏసీలు చేస్తాయి. అంటే రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ఎలక్టివ్ పాఠానికీ షాప్ ఫ్లోర్‌కీ మధ్య గోడ చాలా పలచన. సైక్రోమెట్రిక్ చార్ట్ (గాలిలో వేడి, తేమ చూపే పటం) చూసి చెప్పగలగడం, ఏసీ గ్యాసుల్లో ఆర్-22 పోయి ఆర్-32 ఎందుకొచ్చిందో, అది కొంచెం మండే స్వభావం ఉన్నది కాబట్టి సర్వీసింగ్‌లో ఏం జాగ్రత్త తీసుకోవాలో చెప్పగలగడం ఇంటర్వ్యూలో నేరుగా పనికొస్తాయి. ఓజోన్‌ను దెబ్బతీసే గ్యాసులను తగ్గించే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం, భూమిని వేడెక్కించే గ్యాసులను కూడా తగ్గించే 2016 నాటి కిగాలీ సవరణ సిలబస్‌లో ఒక మూలన ఉంటాయి. పిల్లలు వదిలేస్తారు. వదిలేయకండి, ఆ కంపెనీల వ్యాపారం నడిచేదే వాటిని బట్టి.

ఆల్‌స్టామ్ మెట్రో కోచ్‌లు చేస్తుంది. అక్కడ వెల్డింగ్, నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ (వస్తువును పాడుచేయకుండా లోపాలు వెతకడం), క్వాలిటీ కంట్రోల్ మాట్లాడాలి. ఇసుజు పికప్ ట్రక్కులకు, హీరో మోటార్ సైకిళ్లకు ఆటోమొబైల్ ఇంజనీరింగ్ పేరు పనికొచ్చినా, ఫ్రెషర్‌కు అసెంబ్లీ లైన్లో ఇచ్చే పని ఎక్కువగా ప్రొడక్షన్, క్వాలిటీ. కోబెల్కో ఎక్స్‌కవేటర్లు చేస్తుంది, కాబట్టి హైడ్రాలిక్స్ అండ్ న్యూమాటిక్స్ చదివినవాళ్లకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. అపోలో టైర్స్‌లో రబ్బరు క్యూరింగ్, మెటీరియల్స్.

శ్రీసిటీ ఒక్కటే లోకం కాదు. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు ఉన్నాయి. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో డక్టైల్ ఐరన్ పైపులు పోస్తారు. ప్రొడక్షన్ టెక్నాలజీలో "సెంట్రిఫ్యూగల్ కాస్టింగ్, నాలుగు మార్కులు" అని బట్టీ పట్టిన పాఠం అక్కడ రోజంతా తిరుగుతూ ఉంటుంది. ఇండస్ట్రియల్ విజిట్‌కు అనుమతి దొరికితే బస్సులో పాటలు పెట్టుకుని వెళ్లి రావడం కాకుండా మోల్డు ఎంత వేగంతో తిరుగుతుందో, ఎందుకంత వేగమో అడిగి రండి.

మా నాన్న గేట్ రాయమంటున్నారు. గేట్‌కు పనికొచ్చే ఎలక్టివ్ ఏది?

ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15, ఇంజనీరింగ్ మ్యాథ్స్‌కు 13 పోగా మిగతా 72 మెకానికల్‌వి. ఆ సిలబస్ మొత్తం మీ కోర్ సబ్జెక్టులే. ఫైనైట్ ఎలిమెంట్, సీఎఫ్‌డీ, రోబోటిక్స్, కాంపోజిట్స్ గేట్ మెకానికల్ సిలబస్‌లో సబ్జెక్టులుగా లేవు. కాబట్టి "గేట్ కోసం సీఎఫ్‌డీ తీసుకున్నా" అంటే లెక్క కుదరదు.

అయితే కొన్ని ఎలక్టివ్‌లు గేట్‌కు దొడ్డిదారిన పనికొస్తాయి. ఆపరేషన్స్ రీసెర్చ్ తీసుకుంటే లీనియర్ ప్రోగ్రామింగ్, ట్రాన్స్‌పోర్టేషన్, ప్రాజెక్టు పనుల షెడ్యూల్ వేసే పెర్ట్, సీపీఎం, క్యూయింగ్ అన్నీ గేట్‌లో నేరుగా ఉన్నవే. మెకానికల్ వైబ్రేషన్స్‌లో మొదటి రెండు యూనిట్లు, అంటే సింగిల్ డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్ ఫ్రీ, ఫోర్స్‌డ్ వైబ్రేషన్, గేట్‌లో ఉంటాయి. రిఫ్రిజిరేషన్, ఐసీ ఇంజన్లు, టర్బోమెషీన్లు కూడా. మీ కాలేజీలో ఇవి కోర్‌లో లేకుండా ఎలక్టివ్‌లో ఉంటే వాటినే తీసుకోండి, చదివిందే రెండుసార్లు పనికొస్తుంది.

థర్డ్ ఇయర్‌లో ఉండగానే గేట్ రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈ సంగతి ఇంట్లో చెబితే ఫైనల్ ఇయర్ మీద ఒత్తిడి కాస్త తగ్గుతుంది.

శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో చేరాలని కోరిక. ఏరోస్పేస్ లాంటి ఎలక్టివ్ తీసుకుంటే ఇస్రో వాళ్లు చూస్తారా?

చూడరు. మెకానికల్‌లో సైంటిస్టు ఉద్యోగాలకు ఇస్రో సొంతంగా రాత పరీక్ష పెట్టినా, గేట్ స్కోరు చూసినా అడిగేది కోర్ మెకానికల్. శ్రీహరికోట తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి దగ్గరి దారి ఏదో ఉంటుందని ఆశ సహజం, కానీ లేదు. సరదాగా చదవాలనిపిస్తే గ్యాస్ డైనమిక్స్ అండ్ జెట్ ప్రొపల్షన్ తీసుకోండి. రాకెట్ నాజిల్ సన్నబడి మళ్లీ ఎందుకు వెడల్పవుతుందో అందులోనే తెలుస్తుంది. ఘన ఇంధన రాకెట్ మోటార్లలో పగుళ్లు, గాలి బుడగలు వెతకడానికి వాడేది నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగే. రెండూ మంచి సబ్జెక్టులు, వాటికోసమే చదవండి.

అందరూ ఈవీలు అంటున్నారు. థర్మల్ తీసుకుంటే భవిష్యత్తు ఉంటుందా?

ఐసీ ఇంజన్లు మాత్రమే థర్మల్ అనుకోవడం వల్ల వచ్చే భయం ఇది. కొండ మీదికి వెళ్లే ఎలక్ట్రిక్ బస్సునే తీసుకుందాం. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 15 టన్నుల బస్సు కిందికి దిగుతుంటే వదిలే పొటెన్షియల్ ఎనర్జీ లెక్క కట్టండి: 28 యూనిట్ల కరెంటుకు పైగానే వస్తుంది. డీజిల్ బస్సులో అందులో ఎక్కువ భాగం ఇంజన్ బ్రేకింగ్‌లో, బ్రేకుల్లో వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ బస్సులో మోటార్ జనరేటర్‌గా మారి కొంత భాగాన్ని బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. ఎక్కేటప్పుడూ, అలా ఛార్జ్ అయ్యేటప్పుడూ బ్యాటరీ వేడెక్కుతుంది. మే నెల ఎండలో ఆ సెల్స్‌ను చల్లగా ఉంచాల్సింది ఎవరు? హీట్ ట్రాన్స్‌ఫర్ చదివిన మెకానికల్ వాళ్లే.

ఇంకా ఇక్కడే చూడాలంటే, తిరుమల అన్నప్రసాదం వంటకు ఆవిరి చేయడానికి 2002లో 106 సోలార్ డిష్‌లు పెట్టారు. ఎండను అద్దాలతో ఒకచోట చేర్చి నీటిని ఆవిరి చేయడం సోలార్ ఎనర్జీ ఎలక్టివ్‌లో ఒక యూనిట్. చిత్తూరు చుట్టూ ఉన్న తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్తే బాయిలర్, హీట్ ఎక్స్‌ఛేంజర్, కోల్డ్ స్టోరేజీ మూడూ ఒకే ప్రాంగణంలో కనిపిస్తాయి. మామిడి సీజన్లో ఇంటర్న్‌షిప్ అడిగి చూడండి. పెద్ద పేరున్న కంపెనీ కాదని చిన్నచూపు వద్దు. అక్కడ స్టీమ్ ట్రాప్ పాడైతే ఏమవుతుందో కళ్లారా చూస్తారు.

ఆపరేషన్స్ రీసెర్చ్ ఎంబీఏ సబ్జెక్టు కదా, మెకానికల్ వాళ్లకెందుకు?

వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవాళ్లెవరూ ఈ మాట అనకూడదు. వచ్చేవాళ్ల వేగం, దర్శనం జరిగే వేగం, ఈ రెండింటికీ మధ్య తేడా కొంచెం మారితే నిరీక్షణ గంటల్లో పెరుగుతుంది. క్యూయింగ్ థియరీ ఫార్ములా చెప్పేది అదే. టైం స్లాట్ టోకెన్లు ఇవ్వడం అంటే వచ్చే వేగాన్ని సరిచేయడం. ఫ్యాక్టరీలో మెషీన్ల ముందు పేరుకుపోయే జాబ్‌లకూ ఇదే లెక్క. లెక్కలు తేలిక, గేట్‌కు పనికొస్తుంది, మార్కులూ పడతాయి. దీన్ని వదులుకోవడానికి నాకైతే కారణం కనిపించదు.

రోబోటిక్స్, 3డీ ప్రింటింగ్, ఏఐ పేర్లున్నవి తీసుకుంటే రెజ్యూమేలో బాగుంటుందా?

పేరు బాగుంటుంది. ల్యాబ్ ఉందో లేదో ముందు చూడండి. 3డీ ప్రింటర్ అద్దాల గదిలో తాళం వేసి ఉంటే ఆ ఎలక్టివ్ పుస్తకం మీదే అయిపోతుంది. రోబోటిక్స్ మాత్రం ల్యాబ్ లేకపోయినా దండగ కాదు, ఎందుకంటే అందులో సగం కైనమాటిక్స్, మ్యాట్రిక్స్ ట్రాన్స్‌ఫర్మేషన్లే. ఏఐని ఓపెన్ ఎలక్టివ్‌గా తీసుకోండి, ప్రొఫెషనల్ ఎలక్టివ్ చోటు దానికి ఇవ్వకండి.

ఎలాగూ సాఫ్ట్‌వేర్‌కే వెళ్తాను. ఏది తీసుకున్నా ఒకటే కదా?

అలా అనుకుంటే అలాగే అవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు వెళ్లాలన్నా కోడ్‌తో సంబంధం ఉన్న మెకానికల్ సబ్జెక్టులు ఉన్నాయి: సీఎఫ్‌డీ, ఆప్టిమైజేషన్, ఆపరేషన్స్ రీసెర్చ్, మెకాట్రానిక్స్. ఓపెన్ ఎలక్టివ్‌లలో డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్ లాంటివి సీఎస్ఈ వాళ్ల దగ్గర తీసుకోండి. ఇంటర్వ్యూలో "మెకానికల్ ఎందుకు వదిలేస్తున్నావు?" అని కచ్చితంగా అడుగుతారు. "హీట్ ట్రాన్స్‌ఫర్ ప్రోగ్రామ్ రాస్తున్నప్పుడు కోడింగ్ నచ్చింది" అన్న జవాబు "మెకానికల్‌లో జాబ్స్ లేవు" అన్నదానికన్నా నిలబడుతుంది.

నేను అమ్మాయిని. మాన్యుఫాక్చరింగ్ వద్దు, డిజైన్ తీసుకో అంటున్నారు ఇంట్లో.

డిజైన్ ఇష్టమైతే తీసుకోండి, ఇష్టం లేకపోతే వద్దు. ఇప్పటి ప్లాంట్లలో లైన్ మీద అమ్మాయిలు కావాల్సినంతమంది ఉన్నారు. ఇంట్లోవాళ్ల భయం నిజానికి షిఫ్టుల గురించి, రవాణా గురించి. ఆ రెండూ కంపెనీని అడగాల్సిన ప్రశ్నలు, ఎలక్టివ్ ఫారంలో తేల్చుకోవాల్సినవి కావు.

ఈసెట్ రాసి డిప్లొమా నుంచి వచ్చాను. నాకేవి నప్పుతాయి?

మెషీన్ మీద చెయ్యి పెట్టిన అనుభవం మీకుంది, మిగతావాళ్లకు లేదు. టూల్ డిజైన్, సీఎన్‌సీ, మెట్రాలజీ వైపు సబ్జెక్టుల్లో ముందుంటారు. ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్ వెలితి మాత్రం ఫైనైట్ ఎలిమెంట్, వైబ్రేషన్స్ క్లాసుల్లో బయటపడుతుంది. అవే కావాలంటే సెలవుల్లో మ్యాట్రిసెస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు తిరగేసి రండి.

క్లాసుకు బదులు ఎన్‌పీటీఈఎల్ కోర్సు చేస్తే క్రెడిట్లు వస్తాయా?

ఎన్‌పీటీఈఎల్ అంటే ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పే ఆన్‌లైన్ కోర్సులు, చాలా కాలేజీలు ఒప్పుకుంటున్నాయి. మామూలుగా 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు లెక్కేస్తారు. కానీ చేరకముందే మీ డిపార్ట్‌మెంట్ నుంచి ఆ కోర్సు పేరుతో సహా అనుమతి తీసుకోండి. సర్టిఫికెట్ తెచ్చాక "ఇది మన లిస్టులో లేదు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం చివర్లో సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు. అసైన్‌మెంట్ జవాబులు గ్రూపుల్లో తిరుగుతాయి, అవి చూసి పెట్టినవాళ్లు చివరి పరీక్షలో బోల్తా పడతారు. మీ కాలేజీలో చెప్పేవాళ్లు లేని సబ్జెక్టుకు ఇది నిజంగా మంచి దారి.

ఆనర్స్, మైనర్ తీసుకోవాలా?

ఆనర్స్ అంటే మన బ్రాంచిలోనే అదనపు సబ్జెక్టులు, మైనర్ అంటే వేరే బ్రాంచివి. ఏదైనా అదనంగా సుమారు 20 క్రెడిట్లు, అంటే నాలుగైదు సబ్జెక్టుల బరువు. ఎంటెక్ ఆలోచన గట్టిగా ఉంటే ఆనర్స్. వేరే బ్రాంచి వైపు ఉద్యోగానికి వెళ్లాలనుకుంటే మైనర్. ఒక్క బ్యాక్‌లాగ్ ఉన్నా రెండూ మర్చిపోండి.

నేను పెట్టిన ఆప్షన్‌కు సరిపడా మంది రాలేదని రద్దు చేశారు. ఇప్పుడేం చేయాలి?

ఇది ఏటా జరిగేదే. చాలా కాలేజీల్లో ఒక ఎలక్టివ్ నడపాలంటే కనీసం ఇంతమంది ఉండాలని నిబంధన ఉంటుంది. అందుకే ఫారం నింపకముందే క్లాసులో మీతో ఎవరు వస్తారో కనుక్కోండి. వైబ్రేషన్స్ కావాలంటే నలుగురైదుగురికి మీరే నచ్చజెప్పాలి. రద్దయ్యాక కూడా మూడు దారులున్నాయి. అదే సబ్జెక్టు ఎన్‌పీటీఈఎల్‌లో ఆ సెమిస్టర్ ఉందేమో చూసి హెచ్‌ఓడీకి లెటర్ రాయండి. లేదా మీ వరుస చెడని రెండో సబ్జెక్టుకు మారండి: ఫైనైట్ ఎలిమెంట్ పోతే వైబ్రేషన్స్, సీఎఫ్‌డీ పోతే టర్బోమెషీన్లు. ఆ రెండూ కుదరకపోతే దొరికిన ఎలక్టివ్ చదువుతూనే పోయిన సబ్జెక్టును ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులోకి తెచ్చుకోవచ్చు. మార్పులకు గడువు మామూలుగా క్లాసులు మొదలైన ఒకటి రెండు వారాల్లో ముగుస్తుంది. లెటర్ మీద తేదీ వేసి, ఇచ్చినట్టు ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.